ఏడు వేళ్ల లెక్క

మా బడి సీతంపేట ఏజెన్సీలో ఒక కొండవాలు మీద ఉంది. రెండు గదులు, ఒక వరండా, ముందు ఒక పనస చెట్టు. మేమిద్దరం టీచర్లం. ఇద్దరమూ సవరలమే. ఇద్దరమూ డి.ఎడ్. చదివి, డీఎస్సీ రాసి ఈ ఉద్యోగంలోకి వచ్చాం. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ మావే. ఈ వ్యాసం రాయమన్నప్పుడు మా బడి గురించి గొప్పగా చెప్పుకునే సంగతులేవైనా రాద్దామనుకున్నాం. తీరా కూర్చున్నాక ఒక పిల్ల సంగతే ముందుకొచ్చింది. ఆ పిల్ల విషయంలో మేము మొదట తప్పు చేశాం. ఇద్దరం కలిసే చేశాం.

పిల్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకటో తరగతిలో చేరేనాటికి ఆరో ఏడు. ఎడమ చేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి. కుడి చేతికి బొటనవేలు, చిటికెనవేలు, ఈ రెండే. మధ్య మూడు వేళ్లూ ఉండాల్సిన చోట నున్నగా ఉంటుంది. పుట్టుకతోనే అంతే. ఆ రెండు వేళ్ల మధ్య పట్టి చింతకాయ కోసేది, నీళ్ల చెంబు ఎత్తేది. జడ రిబ్బను ఒక కొస పళ్లతో పట్టుకుని తనే ముడి వేసుకునేది. బడికి వచ్చిన మొదటి వారం ఆ చేతిని ఎక్కడా దాచలేదు. దాచుకోవడం మా దగ్గరే నేర్చుకుంది.

మా గది గోడ మీద అంకెల పట్టిక ఉండేది. మేమే రంగులు కొని తెచ్చి వేశాం. ఒకటి పక్కన ఒక వేలు, రెండు పక్కన రెండు వేళ్లు, ఐదు పక్కన విప్పిన అరచేయి, పది పక్కన రెండు అరచేతులు. చూడవచ్చిన వాళ్లు బాగుందని మెచ్చుకున్నారు కూడా. పాఠం ఇలా సాగేది. "ఒక చేతికి ఎన్ని వేళ్లు?" అని మేము అడిగితే పిల్లలంతా "ఐదు" అని అరవాలి. "రెండు చేతులకీ?" అంటే "పది" అనాలి.

ఒకరోజు ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతున్నాం. ఆ పిల్ల వంతు వచ్చింది. "పది చూపించు" అన్నాం. రెండు చేతులూ పైకెత్తి వేళ్లన్నీ విప్పి చూపించింది. మేము నేర్పింది అదే కదా, రెండు చేతులూ ఎత్తితే పది. ముందు వరసలో కూర్చున్న ఒక అబ్బాయి గబగబా లెక్కపెట్టి, "ఏడే ఉన్నాయి మాస్టారూ" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుంది, తర్వాత మా వంక చూసింది. మేము "తప్పు, కూర్చో" అన్నాం. మాకు కోపం లేదు, తొందర ఉంది. ఇంకా ఆరుగుర్ని అడగాలి, పక్క గదిలో నాలుగో తరగతి గోల చేస్తోంది.

మర్నాటి నుంచి కుడి చెయ్యి గౌను మడతలోకి వెళ్లిపోయింది. పలక ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో రాసేది. తెలుగు అక్షరాలు దిద్దేది, పాటలకు గొంతు కలిపేది, లెక్కల గంట రాగానే తల దించుకునేది. ఏమడిగినా జవాబు లేదు. మూడు నెలలు చూసి పిల్లల్ని స్థాయి ప్రకారం విడగొట్టినప్పుడు ఆమె పేరు ఎదురుగా "లెక్కలు: సి" అని రాశాం. ఒకటి నుంచి పది దాకా వస్తువులు లెక్కపెట్టలేదు అని పక్కన కారణం కూడా రాశాం. నిజానికి మేము ఒక్క వస్తువు కూడా ఇచ్చి చూడలేదు. వేళ్లు చూపించమన్నాం, అంతే.

ఆ ఏడు సంక్రాంతి సెలవులయ్యాక ఒక సంత రోజు పొద్దున్నే ఊరి మొదట్లో ఆ పిల్ల, వాళ్ల నాయనమ్మ కనిపించారు. కొండచీపుర్లు కట్టలు కట్టి రోడ్డు పక్కన పేర్చి కూర్చున్నారు. ఆటోలో వచ్చిన వర్తకుడు కట్టలు లెక్కపెట్టి "ముప్పై మూడు" అన్నాడు. నాయనమ్మ మనవరాలి వంక చూసింది. పిల్ల సవరలో "బొకుడి మిగ్గల్ యాగి" అంది. అంటే ముప్పై ఐదు. వర్తకుడు నవ్వాడు. మేము దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టమన్నాం. అతను లెక్కపెడుతుంటే పిల్ల కూడా లెక్కపెట్టింది. అప్పుడు చూశాం ఆమె చేతుల్ని.

కుడి చేతి రెండు వేళ్లతో కట్టను పట్టి ఇవతలికి లాగుతోంది. ఎడమ బొటనవేలు అదే చేతి మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా నడుస్తోంది. చిటికెనవేలికి మూడు కణుపులు, దాని పక్క వేలికి మూడు, నడిమి వేలికి మూడు, చూపుడు వేలికి మూడు. మొత్తం పన్నెండు. పన్నెండు కాగానే "మిగ్గల్" అని మళ్లీ మొదటి కణుపుకు వచ్చింది. ఇరవై కాగానే నాయనమ్మ ఒళ్లో ఒక రాయి వేసింది. మళ్లీ మొదలుపెట్టింది. చివరికి ఒళ్లో ఒక రాయి, కణుపుల మీద ఒక పూర్తి చుట్టు, ఇంకో మూడు. ముప్పై ఐదు కట్టలే ఉన్నాయి. వర్తకుడు ఇంకో రెండు కట్టల డబ్బు తీసి ఇచ్చాడు.

మేము ఆ రోజు బడికి నడుస్తూ దారిలో మాట్లాడుకోలేదు. పది దాకా లెక్కపెట్టలేదని మేము రాసిన పిల్ల, ముప్పై ఐదు కట్టలు ఒంటి చేతి కణుపుల మీద లెక్కపెట్టింది. వర్తకుడి లెక్క దిద్దింది.

ఇందులో మాకు ఇంకో సిగ్గు కూడా ఉంది. అది సవర తెలిసిన వాళ్లకే అర్థమవుతుంది. మిగతా ఆదివాసీ భాషల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కొంచెం విడమరచి చెప్తాం. మా భాషలో పన్నెండు దాకా అంకెలు ఇలా నడుస్తాయి: అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి, తంజి, తింజి, గెల్జి, గెల్ముయ్, మిగ్గల్. ఊరూరికీ పలుకు కొంచెం మారుతుంది. పదమూడు అంటే మిగ్గల్ బోయ్, అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది మిగ్గల్ గుల్జి, పన్నెండూ ఏడు. ఇరవైకి బొకుడి. ముప్పై తొమ్మిది అనాలంటే బొకుడి మిగ్గల్ గుల్జి, అంటే ఇరవై, పన్నెండు, ఏడు. తెలుగులో పది మెట్టు. మాకు పన్నెండు ఒక మెట్టు, ఇరవై ఇంకో మెట్టు.

మేము చిన్నప్పుడు బడిలో పదమూడు రాయమంటే పలక మీద 121 రాశాం. మా చెవికి పన్నెండు, ఒకటి అని వినిపించింది, విన్నదే రాశాం. మాకు బుర్ర లేదన్నారు. సవరలో లెక్కపెడితే వీపు మీద దెబ్బ పడేది. గిడుగు రామమూర్తి పంతులు గారు మా భాష మీద రాసిన పుస్తకం 1931లోనే అచ్చయింది, ఆయన నిఘంటువు 1938లో వచ్చింది. అంత ముందే అచ్చుకెక్కిన భాషలో లెక్కపెట్టినందుకు మేము 1980ల్లో దెబ్బలు తిన్నాం. 2004 తర్వాత ప్రభుత్వం సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతులకు పుస్తకాలు తెచ్చినప్పుడు మేము ఎంతో సంబరపడ్డాం. మా నాలుకను ఇక ఎవరూ దాచమనరు అనుకున్నాం. అలాంటి మేమే ఒక పిల్ల చేతిని దాచుకునేలా చేశాం. "మీ లెక్క తప్పు" అన్న మాట మేము విని పెరిగిందే. దాన్నే తెచ్చి ఆ పిల్లకు ఇచ్చాం.

అప్పుడు మా డి.ఎడ్. నాటి నోట్సులు తీశాం. రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు 1978లో పిల్లల సంఖ్యాజ్ఞానం గురించి ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడం వచ్చిందంటే ఐదు సంగతులు తెలిసినట్టు అన్నారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పున చెప్పాలి. అంకెల వరస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెప్తుంది. ఏ వస్తువునైనా లెక్కపెట్టవచ్చు, రాళ్లు, మేకలు, చప్పట్లు, కనిపించని కోకిల కూతలు కూడా. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పరీక్ష కోసం ఈ ఐదూ బట్టీ పట్టిన వాళ్లమే మేము. ఈ ఐదింటిలో వేలు అన్న మాట ఎక్కడుంది? ఆ పిల్లకు ఐదూ వచ్చు. రోడ్డు పక్కన చీపురు కట్టల ముందు ఐదూ చూపించింది.

అలాగని వేళ్లకు విలువ లేదని మేము అనడం లేదు. వేళ్లు ఎప్పుడూ వెంట ఉంటాయి, పారేసుకునేవి కావు, కదులుతాయి, తాకితే తెలుస్తుంది. ఐదేళ్ల పిల్ల "మూడు" అంటూ మూడు వేళ్లు ఎత్తినప్పుడు గాలిలో ఉన్న మాట చేతికి దొరుకుతుంది. 1924లో వియన్నాలో జోసెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే వైద్యుడు తన వేళ్లలో ఏది ఏదో గుర్తుపట్టలేని ఒక రోగి గురించి రాశాడు. అలాంటి రోగుల్లో లెక్కలు చేయలేకపోవడం, రాయలేకపోవడం, కుడి ఎడమ తెలియకపోవడం కలిసి కనిపించాయి. వేళ్లకూ లెక్కకూ మెదడులో ఏదో చుట్టరికం ఉందన్న మాట అప్పటి నుంచి నడుస్తోంది. అందుకే వేళ్ల మీద లెక్కపెట్టే పిల్లను మొద్దు అని కొట్టడం మానాలి. రెండో తరగతిలో బల్ల కింద వేళ్లు ముడిచే పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లను బల్ల పైనే లెక్కపెట్టనివ్వండి. అవసరం తీరాక వాళ్లే మానేస్తారు.

చుట్టరికం ఉందంటే అదొక్కటే దారి అని కాదు. బెల్జియంలో చూపులేని పిల్లల్ని పరిశీలించిన వాళ్లు, ఆ పిల్లలు వేళ్లను తక్కువగా, తమదైన తీరులో వాడుతున్నారని గమనించారు. అయినా లెక్కపెట్టడం నేర్చుకున్నారు. కొండ మీది ఊరికి రెండు కాలిబాటలు ఉన్నట్టే ఇదీ. ఎక్కువమంది నడిచే బాట నున్నగా ఉంటుంది. ఇంకో బాటలో వచ్చిన వాళ్లూ ఊరికే చేరతారు. ఆ బాటలో ఎక్కడ ఏ రాయి ఉందో చూసి చెప్పడం టీచరు పని.

మేము చేసిన మార్పులు చెప్తాం. ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

మొదట ప్రశ్న మార్చాం. "ఐదు వేళ్లు చూపించు" అనడం మానేసి "ఐదు చూపించు, నీకు తోచినట్టు" అన్నాం. ఒకడు వేళ్లు ఎత్తాడు, ఒకడు ఐదు గెంతులు గెంతాడు, ఒకత్తె ఐదు చింతపిక్కలు పెట్టింది. ఆ పిల్ల మొదటి రోజు ఏమీ చూపించలేదు. రెండో రోజూ లేదు. ఐదో రోజు నేల మీద బలపంతో ఐదు చుక్కలు పెట్టింది, అదీ ఎడమ చేత్తోనే. మేము "సరే" అని ఊరుకున్నాం. ఎక్కువ మెచ్చుకుంటే మళ్లీ అందరి కళ్లూ ఆమె మీదే పడతాయి.

రెండోది, గుడ్ల అట్టలు. మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు వచ్చే అట్టలో ముప్పై గుంటలుంటాయి, ఆరు వరసలు, వరసకు ఐదు. రెండేసి వరసల చొప్పున కోస్తే ఒక అట్టకు మూడు ముక్కలు, ఒక్కో ముక్కలో పది గుంటలు. పిల్లలకు తలా ఒకటి ఇచ్చాం. ఏడు పిక్కలు వేస్తే పై వరస నిండి కింద రెండు ఉంటాయి, మూడు గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. ఏడు అంటే ఐదూ రెండు అనీ, పదికి మూడు తక్కువ అనీ ఒకే చూపులో తెలుస్తుంది. పది వేళ్లు చేసే పనే ఈ అట్ట ముక్క చేస్తుంది. చేతులు ఎలా ఉన్నా అందరికీ ఒకటే అట్ట.

మూడోది, పూసల దండ. ఐదు ఎర్ర పూసలు, ఐదు తెల్ల పూసలు, మళ్లీ ఐదు ఎర్ర, ఐదు తెల్ల, మొత్తం ఇరవై. మా ఆడవాళ్లకు పూసలు గుచ్చడం చెప్పక్కర్లేదు, తల్లులే గుచ్చి ఇచ్చారు. వేళ్లు ముడవలేని పిల్లలు కూడా పూసను ఒక్క వేలితోనో, మణికట్టుతోనో పక్కకు తోయగలరు. దారం కొంచెం వదులుగా ఉంచాలి, పూస పెద్దదిగా ఉండాలి.

నాలుగోది, చెవితో లెక్క. డప్పు మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో కళ్లు మూసుకుని చెప్పాలి. ఈ ఆటలో ఆ పిల్ల ఎప్పుడూ ముందుండేది. మా తరగతిలో ఆమె మొదటిసారి గట్టిగా చెప్పిన జవాబు ఈ ఆటలోనే. "తింజి" అంది. తొమ్మిది దెబ్బలే కొట్టాం.

ఐదోది, కణుపుల లెక్క. నాయనమ్మను బడికి పిలిచాం. ఆమె వరండాలో కూర్చుని అందరికీ బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం నేర్పింది. సవరలో పన్నెండు దాకా చెప్పి, అదే పన్నెండును తెలుగులో పదీ రెండు అని అట్ట ముక్కల్లో పేర్చి చూపించాం. పదమూడుకు 121 రాసే పిల్లలు ఇప్పటికీ వస్తారు. తప్పు అనడం మానేశాం. "మన లెక్కలో పన్నెండూ ఒకటి, బడి లెక్కలో పదీ మూడు, ఇవిగో పిక్కలు, రెండూ ఒకటేనా చూడు" అంటాం. సంతలో అరటిపళ్లు డజను లెక్కన అమ్మితే ఎవరూ తప్పనరు. పిల్ల నోట మిగ్గల్ వస్తే తప్పెలా అవుతుంది?

ఈ మధ్యలో వాళ్ల ఇంటికి వెళ్లాం. ఈ పని మొదటే చేయాల్సింది. తల్లి తల వంచుకుని, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నానని చెప్పింది. ఊళ్లో అందరూ అదే అన్నారట, అత్తగారు కూడా. ఆరేళ్లుగా ఆ నింద మోస్తోంది. మేము చదువుకున్నంతలో చెప్పాం. కడుపులో బిడ్డకు నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపల చేతులు తయారవుతాయి. మొదట అరచేయి తెడ్డులా ఉంటుంది, తర్వాత మధ్య చర్మం తరిగి వేళ్లు విడతాయి. ఆ రోజుల్లో ఎక్కడో చిన్న తేడా వస్తే వేళ్లు ఏర్పడవు. కడుపుతో ఉన్నామని చాలామందికి గట్టిగా తెలిసేలోపే ఇదంతా అయిపోతుంది. గ్రహణానికీ కత్తిపీటకూ దీనితో పని లేదు. ఆమె వింటూ వింటూ ఏడ్చింది. నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కోడలికి నీళ్లు ఇచ్చింది.

తల్లిని మేము రెండు సంగతులు అడిగాం. బడిలో పిల్ల చేతి గురించి మాట్లాడవచ్చా, ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? "దాన్నే అడగండి" అంది తల్లి. పిల్లను అడిగితే, "పుట్టినప్పుడే ఇలా ఉంది, నొప్పి లేదు అని చెప్పండి" అంది. అప్పటి నుంచి మేము చెప్పేది అదే, ఒక్క మాట ఎక్కువ లేదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఇది ఆలస్యంగా తెలుస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాల్ని బడుల్లోనే పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ డాక్టర్ల బృందం బడికి వచ్చిన రోజు ఇలాంటి పిల్లలు తప్పకుండా హాజరుండేలా చూడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవాలి. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వాళ్లను అడిగితే మన తరగతికి పనికొచ్చే సలహా దొరుకుతుంది. మేము మాత్రం ఒక జాగ్రత్త తీసుకున్నాం. ధ్రువపత్రంలో రాసిన శాతాన్ని లెక్కల నోటుబుక్కు మీదికి రానివ్వలేదు. అది చేతి గురించి రాసిన అంకె. పిల్ల బుర్ర గురించి రాసింది కాదు.

మూడో తరగతికి వచ్చాక ఒకరోజు పది ఎక్కం చెప్తున్నాం. ఒకరికి పది వేళ్లు, ఇద్దరికి ఇరవై, ముగ్గురికి ముప్పై అంటూ పాత అలవాటు కొద్దీ నోరు జారింది. "మన తరగతిలో పన్నెండుగురం ఉన్నాం, మొత్తం ఎన్ని వేళ్లు?" అనేశాం. అన్నాక నాలుక కరుచుకున్నాం. గది నిశ్శబ్దమైంది. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల లేచి అడిగింది.

"నావి కూడా కలపాలా?"

రెండేళ్ల కిందట మేము ఆమెకు ఇచ్చిన జవాబు మాకు గుర్తొచ్చింది. "కలపకపోతే లెక్క తప్పు కదా" అన్నాం.

"అయితే పదకొండు పదులూ ఒక ఏడు," అంది. ముందు వరసలోని ఆ పాత అబ్బాయి, అప్పుడు ఏడే ఉన్నాయన్నవాడు, చేయెత్తి "నూట ఇరవైలోంచి మూడు తీసినా వస్తుంది మాస్టారూ" అన్నాడు. నల్లబల్ల మీద రెండు దారులూ రాశాం. 110, 7 కలిపితే 117. 120లో 3 తీస్తే 117. తక్కినవాళ్లు నమ్మక చేతులన్నీ చాపి ఒకటి నుంచి లెక్కపెట్టారు. ఆమె రెండు చేతులూ అందరి చేతుల మధ్య చాపి ఉన్నాయి. 117 వచ్చింది.

ఆ ఏడు ఆమె అందరికంటే ముందు నేర్చుకున్నది పదికి ఎంత తక్కువ అన్న లెక్క. ఏడుకు మూడు ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎనిమిదికి రెండు, ఆరుకు నాలుగు దాని వెంటే వచ్చాయి. ఇప్పటికీ కొత్తవాళ్లు బడికి వస్తే కుడి చెయ్యి కాసేపు వెనక్కి వెళ్తుంది. అంతా బాగైపోయిందని మేము చెప్పలేం. మేము పోగొట్టిన మూడు నెలలు కూడా తిరిగి రావు.

ఈ పిల్ల కంటే ముందు మా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. చలికాలం పాకే వయసులో నెగడులో చెయ్యి పెట్టాడు, వేళ్లు ముడుచుకుపోయి అతుక్కున్నాయి. రెండో తరగతిలో బడి మానేశాడు. రిజిస్టరులో "చదువు మీద ఆసక్తి లేదు" అని రాశాం. ఇప్పుడు పెద్దవాడయ్యాడు. అనాస పళ్ల కాలంలో ఆటోకు ఎన్ని పళ్లు ఎక్కాయో, ఎంత రావాలో నోటితోనే చెప్తాడు, ఎక్కడా తప్పడు. మమ్మల్ని చూస్తే నమస్కారం పెడతాడు, మొండి చేత్తోనే. ఆ నమస్కారం అందుకున్నప్పుడల్లా మేము రాసిన ఆ నాలుగు మాటలు గుర్తొస్తాయి.

డి.ఎడ్. చదువుతున్న మన పిల్లలకు, కొత్తగా బడుల్లో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేము చెప్పేది ఒక్కటే. పిల్ల జవాబు తప్పు అనిపించినప్పుడు, తప్పు అని రాసే ముందు, మన ప్రశ్న ఏ చేతిని చూసి తయారైందో ఒకసారి చూసుకోండి. ఏ భాషను చూసి తయారైందో కూడా చూసుకోండి. అదే లెక్కను ఇంకో తీరులో అడగండి. పిక్కలు ఇవ్వండి, చప్పుడు చేయండి, సంతలో ఎదురుపడితే గమనించండి. అప్పటికీ రాకపోతే అప్పుడు నేర్పండి. అది మన పని.

మా గోడ మీది పాత పట్టికకు ఎర్రమట్టి పూశాం. మన ఇళ్లలో వేసినట్టే బియ్యప్పిండితో కొత్త బొమ్మలు పిల్లలే వేశారు. ఐదు పక్కన ఐదు నెమళ్లు ఉన్నాయి, పన్నెండు పక్కన ఒక చేయి, దాని కణుపుల మీద పన్నెండు చుక్కలు. ఏడు పక్కన ఏం వేయాలని పిల్లలు వాదులాడుకున్నారు. ఒకరు మేకలన్నారు, ఒకరు చుక్కలన్నారు. ఆ పిల్ల పిండి గిన్నెలో రెండు చేతులూ ముంచి గోడకు అద్దింది.